జీపునకు ఊపిరిగొట్టము: ఇంటివద్ద అమర్చుకొను విధమును, దాని హద్దులును

గత వానకాలము కడచిన నాటినుండి మన సంఘసభ్యులలో పలువురు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యా, ఫోర్‌వీల్ జీపుల ప్రక్కన నిలువుగా ఒక నల్లని గొట్టము పెట్టుచున్నారు గదా. అది యున్నచో వంకలు దాటవచ్చునా? దానిని మేమే ఇంటివద్ద బిగించుకొనవచ్చునా?" ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్కమాటలో బదులు చెప్పినచో రైతునకు మేలుకన్న కీడే ఎక్కువగును. కావున ఆ గొట్టము చేయు పని యేమి, చేయలేని పని యేమి, దానిని తప్పులేకుండ అమర్చు క్రమమేమి అను సంగతులను ఈ సంచికలో వివరించుచున్నాము. ఈ గొట్టమును స్నార్కెలు అందురు. మనము ఊపిరిగొట్టము అని పిలుచుకొందము.

మన సీమకు దీనితో పని యేమి?

అనంతపురము మెట్టసీమలో ఏడాదికి కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి కరవుసీమలో బండికి నీటిభయమేమిటని పరదేశములవారు నవ్వవచ్చును. ఇచ్చట పుట్టినవారు నవ్వరు. మన వర్షము తక్కువయే గాని, కురిసిననాడు ఒక్కుమ్మడిగా కురియును. గుట్టలపై చెట్టు లేదు, నేలపై గరిక లేదు. పడిన నీరు నిలువక పరుగెత్తును. ఉదయము ఇసుక తేలియున్న వంక సాయంకాలమునకు ఎద్దుల మెడలోతు పారును, మరునాటికి మరల ఎండును.

2021 నవంబరు 19వ తేదీని చెన్నేకొత్తపల్లి మండలము వెల్దుర్తి వద్ద చిత్రావతిలో ఒక కారు చిక్కుకొనెను. అందలివారిని రక్షింపబోయిన జేసీబీ యంత్రము సైతము ప్రవాహము నడుమ నిలిచిపోగా, తుదకు భారత వాయుసేన హెలికాప్టరు వచ్చి పదిమందిని పైకి తీసి ప్రాణములు నిలిపెను. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురము పట్టణపు కాలనీలనే ముంచెను. అంతటి బరువైన జేసీబీయే నిలిచిపోయిన చోట జీపు ఏపాటిది? ఈ మాట వ్యాసము కడవరకు సభ్యులు మనసునందుంచుకొనవలెను.

నీటిభయము ఏడాదికి నాలుగైదు దినములదే. మిగిలిన దినములలో మన ఇంజనులకు పగ ధూళియే. ఆషాఢపు గాలిలో ఎర్రనేలల దుమ్మును, బొమ్మనహాలు, కణేకల్లు ప్రాంతములందు వేదవతి ఒడ్డున మేటలు వేయు ఇసుకను చూచినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ముందు పోవు బండి వెనుక మనము పోవునపుడు చక్రములయెత్తున ధూళి చిక్కగాను, పైకప్పుయెత్తున పలుచగాను ఉండును. కావున ఊపిరిగొట్టము మనకు ముఖ్యముగా దుమ్మునుండి కాపాడు సాధనము. అవసరమైననాడు నీటినుండి కొంతమేరకు కాపాడు సాధనము. ఈ వరుసను తారుమారు చేసినవారే నష్టపడుచున్నారు.

ఇంజను ఊపిరి

మనుష్యునివలెనే ఇంజనుకు గాలి కావలయును. 2,500 ఘనసెంటీమీటర్ల డీజిలు ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు లెక్కప్రకారము సుమారు 3,750 లీటర్ల గాలిని పీల్చును. 200 లీటర్ల డీజిలు డ్రమ్ములతో కొలిచినచో ఇది దాదాపు పందొమ్మిది డ్రమ్ములు. ఒక్క నిమిషపు ఊపిరి ఇంత! ఈ గాలిలో చిటికెడు దుమ్ము కలిసినను, దినమంతయు పోయిన పిదప అది గుప్పెళ్లకొలది యగును. ఎయిర్ ఫిల్టరు దానిని పట్టును. పట్టి పట్టి తాను మూసుకొనిపోవును. అప్పుడు ఇంజను నల్లపొగ విడుచును, డీజిలు ఎక్కువ త్రాగును, బలము తగ్గును. ఫిల్టరు చినిగియున్నచో దుమ్ము లోనికిపోయి పిస్టను రింగులను ఆకురాయివలె అరగదీయును.

ఇక నీటి సంగతి. డీజిలు ఇంజనులో పిస్టను పైకి వచ్చి గాలిని మిగుల చిన్న జాగాలోనికి నొక్కును. పైన చెప్పిన ఇంజనుకు నాలుగు సిలిండర్లున్నవనుకొందము. ఒక్కొక్కదానికి 625 ఘనసెంటీమీటర్లు. నొక్కుడు నిష్పత్తి 18కి 1 అయినచో, పిస్టను పైకి వచ్చినపుడు మిగులు జాగా 37 ఘనసెంటీమీటర్లు మాత్రమే. అనగా మందుచెంచాతో ఏడు చెంచాలు. గాలి నొక్కినచో నొక్కుకొనును, నీరు నొక్కుకొనదు. ఏడెనిమిది చెంచాల నీరు లోపల చేరిన చాలును, పిస్టను ఎదురుగా బండరాయి పెట్టినట్లగును. తిరుగుచున్న ఇంజను ఒక్కసారిగా బిగిసి, పిస్టనును మోయు కనెక్టింగు రాడ్డు వంగును. ఒక్కొకప్పుడు విరిగి ఇంజను ప్రక్కనే పొడుచుకొని వెలికి వచ్చును.

మేము చూచిన నష్టము

మా సర్కిలులోని యొక గ్రామమున చీనీతోటయు, కొంత చెనక్కాయ చేనును గల ఒక సభ్యుడు సంఘమునుండి అప్పు తీసికొని పాత ఫోర్‌వీల్ జీపు కొనెను. తోటనుండి తారురోడ్డునకు పోవుదారిలో ఒక వంక కలదు. ఆశ్వయుజమాసమున ఒక సాయంకాలము కాయలు దింపి మరలి వచ్చుచు, నీరు బంపరుకు తగులుచుండగనే దిగెను. నడుమ ఇంజను దగ్గి ఆగెను. భయముతో తాళము మరల త్రిప్పెను, మరల త్రిప్పెను. రెండవసారి టక్కుమని శబ్దమై అంతటితో సరి. మరునాడు ఎద్దులతో లాగించి షెడ్డునకు చేర్చగా రెండు రాడ్లు వంగియుండెను. బండి షెడ్డులో నిలిచెను. అప్పు పుస్తకములో నిలిచెను. వాయిదాలు మాత్రము నిలువలేదు. ఆ యేడు అతడు విత్తనపు కాయలను సైతము అమ్ముకొని వాయిదా కట్టెను.

ఇంజను బాగుచేయించిన పిదప అతడు ఊపిరిగొట్టము తెప్పించి తన కళ్లములోనే బిగించెను. మేమును ప్రక్కన ఉండి సాయపడితిమి. గొట్టము చూచుటకు సొగసుగానే ఉండెను. మొదటి వానలో, చక్రము సగము మునుగు నీటిలో పోగా ఇంజను మరల దగ్గెను. ఈసారి అతడు తాళము ముట్టలేదు. బండిని త్రాళ్లతో వెనుకకు లాగించెను. ఫిల్టరు పెట్టె విప్పి చూడగా లోపల నీరు! పెట్టె అడుగున నీరు కారుటకు ఉంచిన రంధ్రమునకు రబ్బరు ముక్కు ఊడిపోయి యుండెను. గొట్టము మూతి కప్పుయెత్తున ఉన్నను, ఇంజను మాత్రము అడుగు రంధ్రమునుండి పీల్చుచునే యుండెను. ఆ రంధ్రమును చూడకపోవుట మా తప్పే. ఆ తప్పు మరియొకరి కళ్లములో జరుగకుండుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

గొట్టము పుట్టుక

నీటిలో మునిగియున్న జలాంతర్గామి నౌకలకు గాలి తెచ్చుటకు డచ్చి నౌకాదళమువారు ఇట్టి గొట్టమును వాడుచుండగా, రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనులు దానిని గ్రహించి విరివిగా వాడిరి. పేరు జర్మనుభాషనుండియే వచ్చినది. 1944లో నార్మండీ తీరమున సైన్యములు దిగినపుడు జీపులకును, ట్యాంకులకును ఎత్తైన గాలిగొట్టములు తగిలించి సముద్రపు నీటిగుండా ఒడ్డునకు నడిపిరి. మనకు ఇది పూర్తిగా క్రొత్తది కాదు. పొలములోని మీ ట్రాక్టరును చూడుడు. బానెట్ పైకి పొగగొట్టము ఒకటి, గుండ్రని టోపీగల గాలిగొట్టము వేరొకటి కనబడును. దున్నునపుడు లేచు దుమ్మునకు పైగా గాలి తీసికొనుటకే ఆ యేర్పాటు. జీపునకు మనము చేయబోవునదియు ఆ పనియే.

కొనుటకు ముందు చూడవలసినవి

మొదటిది: మీకు ఇది అవసరమా? తారురోడ్డుపైననే తిరుగు బండికి అక్కరలేదు. ఆ రూకలు మంచి ఫిల్టరుకును టైర్లకును పెట్టుట మేలు.

రెండవది: బానెట్ ఎత్తి, ఫిల్టరు పెట్టెనుండి గాలిగొట్టము ఎచ్చటికి పోవుచున్నదో చేతితో తడవి చూడుడు. పలు బండ్లలో దాని మూతి ముందుదీపము వెనుక గాని, మడ్‌గార్డు లోపల గాని ఉండును. నేలనుండి ఆ మూతి యెత్తును టేపుతో కొలిచి వ్రాసికొనుడు. గొట్టము లేని దినమున మీ ఇంజనుకు అదియే చావుగీత.

మూడవది: మీ బండి మోడలుకు, ఏటికి సరిపోవు గొట్టమునే కొనవలెను. మోడలు ఒకటైనను, ఏడు మారగా మడ్‌గార్డు వంపు మారవచ్చును. దానితో కొలతకాగితము, బోల్టులు, కంబపు పట్టీ, రబ్బరు మోచేయి, క్లాంపులు ఉండవలెను. ఎండకు పెళుసుబారని ప్లాస్టిక్కు అయినదేనా అని అడుగుడు. మన ఎండలో చౌక ప్లాస్టిక్కు తెల్లబారి పగులును.

నాలుగవది: చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ననుసరించి, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట చూపినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. కావున రేకునకు రంధ్రము వేయకముందే రవాణా కార్యాలయమున అడిగి, ఇన్సూరెన్సు కంపెనీకి వ్రాతమూలముగా తెలిపి, వారి బదులును భద్రపరచుకొనవలెను. గ్యారంటీ గడువులోనున్న క్రొత్త బండికి, కంపెనీవారి చేతనే ఆ పని చేయించుకొనుట శ్రేయస్కరము.

కావలసిన పరికరములు

డ్రిల్లు యంత్రము, 3 మిల్లీమీటర్లనుండి వరుసగా బిట్లు, కొలతకాగితములో చెప్పిన వ్యాసముగల గుండ్రని రంపపు బిట్టు, సుత్తి, సెంటరు పంచి, సన్నని ఆకురాయి, పానాలు, స్క్రూడ్రైవరు, కాగితపు అంటుటేపు, తుప్పు పట్టకుండుటకు ప్రైమరు రంగు, సిలికాను, పాతగుడ్డలు, కంటి అద్దములు. ఇద్దరు మనుష్యులు, ఒక పగలు. దీపము వెలుతురులో ఈ పని మొదలుపెట్టరాదు.

అమర్చు క్రమము

1. బండిని చదునైన నేలపై నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టి, బ్యాటరీ మైనస్ తీగను విప్పవలెను.

2. ఫిల్టరు పెట్టెను, పాత గాలిగొట్టమును విప్పి తీయవలెను. ఇంజను వైపు తెరచియున్న మూతిలో శుభ్రమైన గుడ్డ దూర్చి, దానికి ఎర్రని పొడవైన పేలిక కట్టి వెలికి వ్రేలాడనీయవలెను. రేకుపొడి లోపలికి పోకుండుటకు గుడ్డ. గుడ్డను మరచిపోకుండుటకు పేలిక. ఎన్ని గుడ్డలు దూర్చితిరో గోడపై సుద్దతో గీతలు పెట్టుడు.

3. చక్రముపైనున్న లోపలి తడికను విప్పి, మడ్‌గార్డు రేకు వెనుక ఏమున్నదో చూడవలెను. విద్యుత్తీగలు, అద్దము కడుగు నీళ్లడబ్బా ఉండవచ్చును. వానిని ప్రక్కకు కట్టవలెను. చూడక వేసిన డ్రిల్లు బండిని చీకటిలో నిలుపును.

4. రేకును సబ్బునీటితో కడిగి, ఆరిన పిదప కాగితపు టేపు అంటించి, దానిపై కొలతకాగితము నిలుపవలెను. వెంటనే డ్రిల్లు చేయరాదు. గొట్టమును పట్టుకొని, కంబము వెంట సరిగా ఒరుగుచున్నదా, తలుపు తెరచునపుడు, బానెట్ ఎత్తునపుడు తగులుచున్నదా అని చూడవలెను. మూడుసార్లు కొలిచి ఒకసారి కోయుట మంచి వడ్రంగి లక్షణము. రేకునకు వేసిన రంధ్రము మరల పూడదు.

5. గుర్తులపై సెంటరు పంచితో చిన్న గుంట కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదట తొలిచి, క్రమముగా పెద్దబిట్లు వాడవలెను. పెద్ద రంధ్రమునకు గుండ్రని రంపపు బిట్టును మెల్లగా, నొక్కకుండ తిప్పవలెను.

6. అంచులను ఆకురాయితో నున్నగా చేసి, రేకుపొడినంతయు తుడిచి, కోసిన అంచులన్నిటికి ప్రైమరు పూసి పూర్తిగా ఆరనీయవలెను. ఈ పని విడిచినచో రెండు వానకాలములకే మడ్‌గార్డు తుప్పుపట్టి చిల్లులు పడును.

7. గొట్టమునకు బోల్టులు బిగించి, రంధ్రములలో నిలిపి, లోపలినుండి వాషరుతో నట్లు బిగించవలెను. చేతిబలము చాలును, మిక్కిలి బిగించినచో ప్లాస్టిక్కులోని ఇత్తడి మర ఊడివచ్చును.

8. ముందు అద్దము ప్రక్కనున్న కంబమునకు పట్టీ బిగించి, ప్రతి మర రంధ్రమునందును సిలికాను పెట్టవలెను. కొన్ని క్రొత్త బండ్లలో కంబము లోపలినుండి ప్రక్క ఎయిర్‌బ్యాగు సరంజామా పోవును. అట్టి బండికి పొడవు మరలు వాడరాదు. తెలిసిన మెకానిక్కును పిలువవలెను.

9. గొట్టము అడుగుమూతిని ఫిల్టరు పెట్టెతో కలుపు రబ్బరు మోచేయికి రెండు కొసలను క్లాంపులు బిగించవలెను. కలయికలన్నిటికిని పలుచగా సిలికాను పూసి, ఒక రాత్రి ఆరనీయవలెను.

10. ఫిల్టరు పెట్టెను పరీక్షింపవలెను. మూత రబ్బరు పగిలినదా? అడుగు రంధ్రమునకు రబ్బరు ముక్కు ఉన్నదా? ఆ ముక్కు లోపలి నీటిని బయటికి విడుచును. ఇంజను పీల్చునపుడు తానే మూసికొనును. అది లేనిచో క్రొత్తది వేయవలెను. మేము చేసిన తప్పు ఇచ్చటనే అని మరల చెప్పుచున్నాము.

11. గుడ్డలన్నియు తీసి, గోడమీది గీతలతో లెక్క సరిచూచి, అటుపిమ్మట గొట్టములు కలిపి, బ్యాటరీ తగిలించవలెను.

12. గొట్టపు తలను మామూలుగా ముందువైపు త్రిప్పి పెట్టుదురు. అందులో చొచ్చిన వాననీరు దాని వెనుకనున్న చీలికలనుండి జారిపోవును. దుమ్ములోనే తిరుగు బండికి ఈ తలకు మారుగా, ట్రాక్టరుకున్నట్లు ధూళిగిన్నె పెట్టుకొనవచ్చును. లోపలి రెక్కలు గాలిని సుడి త్రిప్పగా, బరువైన దుమ్ము గిన్నెలో చేరును. వారమునకొకసారి గిన్నె దులిపినచో ఫిల్టరు ఆయువు పెరుగును.

అమర్చిన పిదప పరీక్ష

గొట్టము చూడ సొగసుగా ఉండుట చాలదు. గాలి చొరకుండ ఉండవలెను. ఇంజనును మెల్లగా నడువనిచ్చి, యాక్సిలరేటరు ముట్టక, వెలిగించిన అగరువత్తిని ప్రతి కలయిక దగ్గర మెల్లగా త్రిప్పుడు. పొగ నిటారుగా లేచినచో మేలు. లోనికి లాగబడినచో అచ్చట సందున్నది. చేతులును వస్త్రములును బెల్టునకు దూరముగా నుంచవలెను.

రెండవ పరీక్ష: ఇంజను మెల్లగా నడుచుచుండగా, గొట్టపు మూతిని నున్నని చెక్కపలకతో క్షణకాలము మూయుడు. సందులు లేనిచో ఇంజను ఊపిరాడక తడబడి ఆగబోవును. వెంటనే పలక తీయవలెను. మూసినను ఏ మార్పును లేక నడుచుచున్నచో, అది మరియొక దారిని గాలి పీల్చుచున్నది. ఆ దారినే నీరును పీల్చును. ఆ బండితో నీటిలో దిగరాదు.

ఇతర ఊపిరులు

ఇంజనుకే గాక గేరుబాక్సుకును, ముందు వెనుక ఇరుసులకును చిన్న ఊపిరి రంధ్రములు గలవు. దూరము నడచి వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో మునుగగానే లోపలి గాలి కుంచించుకొని, బయటి నీటిని ఈ రంధ్రములగుండా పీల్చును. వీనికి సన్నని రబ్బరు గొట్టములు తగిలించి బానెట్ లోపల ఎత్తుగా కట్టుట తక్కువ ఖర్చుతోనే అగును. పెద్దగొట్టము పెట్టుకొననివారును ఈ పని చేయించుకొనవచ్చును. నీరు దాటిన మరునాడు ఆయిలు చూడుడు. అది పాలు కలిపిన కాఫీరంగులో ఉన్నచో నీరు చేరినదని యెరిగి, వెంటనే మార్పించవలెను.

గొట్టము చేయలేని పని

ఇది మా వ్యాసమునకు గుండెకాయ వంటిది. 2020లో వచ్చిన మహీంద్రా థార్ జీపునకు ఊపిరిగొట్టము లేదు. కంపెనీవారు దానికి చెప్పిన నీటిలోతు 650 మిల్లీమీటర్లు. 2021లో వచ్చిన ఫోర్స్ గుర్ఖాకు కంపెనీవారే గొట్టము అమర్చి ఇచ్చిరి. దానికి వారు చెప్పిన లోతు 700 మిల్లీమీటర్లు మాత్రమే. గొట్టపు మూతి పైకప్పుయెత్తున నున్నను, తయారుచేసిన వారే తొడలోతుకు మించి పోవలదనిరి. ఎందువలన?

బండి నీటిలో తేలును. కూర్చుండు భాగము పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు అనుకొందము. లోనికి నీరు చొరకముందు, అడుగుపలక 10 సెంటీమీటర్లు మునిగినచో సుమారు 375 కిలోల బరువును నీరు ఎత్తును. 30 సెంటీమీటర్లు మునిగినచో 1,125 కిలోలు. అప్పుడు చక్రములకు నేలపై పట్టు పోవును. నాలుగు చక్రములు తిరిగినను ప్రయోజనములేదు. ప్రక్కనుండి వచ్చు ప్రవాహము బండిని పడవవలె నెట్టుకొనిపోవును. ఊపిరిగొట్టము ఇంజనును బ్రతికించును గాని బండిని బరువెక్కించదు, నీటి వడిని తగ్గించదు, అడుగున కోసుకొనిపోయిన దారిని చూపదు.

కావున ఈ నియమములు. పారు నీరు చక్రపు నడిమికి మించినచో దిగరాదు. నీరు మురికియై అడుగు కానరానిచోట, లోతు తెలిసిన దారియైనను, నిన్నటి దారి నేడు ఉన్నదని నమ్మరాదు. రాత్రివేళ దిగరాదు. పిల్లలు బండిలోనుండగా దిగరాదు. నిలిచిన నీటిలో పోవలసినచో మొదటి గేరులో, ఆగక, వేగముగాక, ఒకే నడకతో పోవలెను. మన వంకలు పూటలో వచ్చి పూటలో పోవును. ఒడ్డున చెట్టుక్రింద బండి నిలిపి నాలుగు గంటలు కాచుకొన్నవానికి చెడినది నాలుగు గంటలే. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

నీటిలో ఇంజను ఆగినచో

తాళము మరల త్రిప్పరాదు. ఈ ఒక్క వాక్యము గుర్తున్న చాలును. నీరు పెరుగుచున్నచో బండిని విడిచి, మనుష్యులు ఒడ్డుకు చేరవలెను. బండి కొనవచ్చును, మనిషిని కొనలేము. నీరు తగ్గిన పిదప బండిని లాగించి, బ్యాటరీ తీగ విప్పి, ఫిల్టరు తడిసినదా చూడవలెను. తడిసినచో మెకానిక్కు ఇంజెక్టర్లను గాని, గ్లోప్లగ్గులను గాని విప్పి, ఇంజనును చేతితో తిప్పి, సిలిండర్లలోని నీటిని వెలికి తీయును. ఆయిలు, ఫిల్టర్లు మార్చిన పిమ్మటనే స్టార్టు చేయవలెను. ఈ క్రమమున పోయినచో నష్టము కొలదిలో తీరును. ఆత్రపడి త్రిప్పిన ఒక్క తాళపుచెవి ఒక పంట ఫలమును మ్రింగును.

ముగింపు

పైన చెప్పిన సభ్యుని జీపు నేడును నడుచుచున్నది. రబ్బరు ముక్కు వేసినాము, కలయికలన్నియు మరల బిగించినాము, ఇరుసులకు గొట్టములు కట్టినాము. అటు పిమ్మటి వానలో ఆ వంక మరల పొంగగా, అతడు ఇవతలి ఒడ్డున బండి ఆపి, చీనీకాయల బుట్టలపై టార్పాలిను కప్పి, తెల్లవారువరకు కాచుకొనెను. ఉదయమున నీరు తగ్గగా దాటి మార్కెట్టుకు పోయెను. "గొట్టముండియు ఏల ఆగితివి?" అని మేము అడుగగా, "గొట్టము ఇంజనుకు గదా అయ్యా, నాకు కాదు గదా" అనెను. మేము ఇన్ని పుటలలో చెప్పినదంతయు అతడు ఒక్కమాటలో చెప్పెను.

గొట్టము కొనదలచిన సభ్యులు రేకు కోయుటకు ముందు తమ బండి గాలిమూతి యెత్తును, ఫిల్టరు పెట్టె స్థితిని వ్రాసికొని సంఘ కార్యాలయమునకు రాగోరెదము. కొలతలు కలిసి చూచి, అవసరమున్నచో అవసరమనియు, లేనిచో లేదనియు దాపరికము లేక చెప్పెదము.